గంజికాగు బియ్యం

కిందటి వారం మునిరత్నమ్మను కట్టెల కొట్టంలో వదిలి వచ్చాం. వేలూరులో అక్క ఇంటికి పోయిన మనిషి, అక్క కోడళ్ళిద్దరినీ మూడు రోజుల తేడాలో పాలారు ఒడ్డున కాటికి సాగనంపి, రైలెక్కి గుడియాత్తం తిరిగొచ్చింది. వచ్చి వీధి వాకిట్లో అడుగు పెట్టలేదు. పెరటి సందులోంచి పోయి కట్టెల కొట్టంలో దూరి గొళ్ళెం పెట్టుకుంది. ఐదు రోజుల దాకా ఎవరూ తన దగ్గరికి రాకూడదంది.

చనిపోయిన ఆ ఇద్దరూ నిండు గర్భిణులు. ఆమె గుండెల్లో రాయి పడింది అందుకే. ముసలివాళ్ళను ముట్టీ ముట్టనట్టు పోయి, పడుచువాళ్ళను, అందులోనూ కడుపుతో ఉన్నవాళ్ళను ఏరుకుపోయే విషజ్వరం అది. ఇక్కడ ఇంట్లో ఒక్కగానొక్క కోడలు కాంచనకు తొమ్మిదో నెల నడుస్తోంది. అది కాళయుక్తి సంవత్సరం. దీపావళి ఇంకా ఇరవై రోజులుంది. జ్వరం లత్తేరి దాకా వచ్చేసిందని రైలు దిగినవాళ్ళు చెబుతున్నారు. లత్తేరి నుంచి గుడియాత్తానికి ఎంతసేపు?

కట్టెల కొట్టంలో కూర్చున్న మనిషి నోరు కట్టేసుకుని కూర్చుంటుందని మీరనుకుంటే మునిరత్నమ్మ సంగతి మీకింకా తెలియలేదన్నమాట. తడిక సందులోంచే ఐదు రోజులూ ఇంటిని నడిపింది. ఒక మండలం పాటు, అంటే నలభై రోజులు, ఆ ఇంటి తలుపులు మూసి ఉండాలి. ఆ నలభై రోజులకూ కావలసినదంతా ముందే ఇంట్లోకి చేరాలి. మంత్రసాని సరసమ్మ ఊళ్ళో ప్రతి గడపా తొక్కే మనిషి కాబట్టి ఆమె కూడా వద్దు, కాంచనకు పురుడు మునిరత్నమ్మే పోస్తుంది. రెండో రోజున కొడుకు జానకిరామన్‌ను రాగుల కోసం అణైకట్టుకు పంపింది. అక్కడ వరదరాజులు అనే రైతు తెలిసినవాడు. జానకిరామన్ తిరిగి రాగానే తల్లి లాగే ఐదు రోజులు కొట్టంలో ఉండాలి. అన్నిటికన్నా గట్టి మాట చివర చెప్పింది.

"దానికి నొప్పులు మొదలైతే ఆ నిమిషమే వీధి తలుపూ పెరటి తలుపూ రెండూ మూసేస్తాను. అప్పుడు బయట ఉండేది నా కొడుకైనా సరే, తియ్యను."

ఈ మాట అన్నప్పుడు కాంచన పెరట్లో బట్టలు ఆరేస్తోంది. విన్నది.

ఆరో రోజు పొద్దున మునిరత్నమ్మకు జ్వరం లేదు, దగ్గు లేదు. నాలుగు బిందెల వేన్నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుని, చీర మార్చుకుని, తన ఐదు రోజుల కేకలకు ఫలం ఏమిటో చూసుకుందామని ఇంట్లోకి వచ్చింది. నడవలోనే కాలికేదో తగిలింది. వంగి చూసింది.

"ఇదేంది?"

"ఎలుకల బోను," అన్నాడు మొగుడు నాగలింగం. నలభై దాటిన మనిషి, నేతలో అంతటి పనివాడు ఆ వీధిలో లేడు. పెళ్ళాం ముందు మాత్రం గొంతు కొంచెం తగ్గుతుంది.

"దేనికి?"

"జబ్బు వస్తా ఉండాది గదా. ప్లేగు సంవత్సరంలో నాయన మొట్టమొదట కొనింది ఇదే. తాటాకు చాపలు కూడా తెచ్చినాను. తోపులో పందిరి వేసుకుని వీధోళ్ళమంతా ఆడికే పోదామని పెద్దాయన అప్పాసామన్న చెప్పినాడు."

మునిరత్నమ్మ తల పట్టుకుంది. ఆ వీధి వీధంతా ఇదే భ్రమలో ఉంది. ప్లేగు వచ్చినప్పుడు ఇళ్ళు వదిలి తోపులో పడుకున్నవాళ్ళు బతికారు. కాబట్టి ఏ జబ్బొచ్చినా తోపులోకి పోతే బతుకుతారని వాళ్ళ లెక్క.

"ఇది ఎలుకతో వచ్చే జబ్బు కాదు. మనిషి నోట్లోంచి మనిషి ముక్కులోకి పోతాది. మా అక్క ఇంట్లో కండ్లారా చూసినాను. నలభై ఇండ్లోళ్ళు ఒక్క పందిరి కింద పడుకుంటే ఈ కాచ్చల్ జ్వరానికి పండగే. ఆ చాపలు యాడ పెట్టినారు?"

చాపలు పెరట్లో ఉన్నాయి. వాటిని తెప్పించి వీధి తిన్నెకు రెండు పక్కలా అడ్డంగా కట్టించింది, దారిన పోయేవాళ్ళు అలవాటుగా వచ్చి కూర్చోకుండా. బోనును మాత్రం పారేయలేదు. నలభై రోజుల తిండి ఉన్న ఇంటికి ఎలుకలు రాకుండా ఉంటాయా అని దాన్ని ధాన్యపు అరలో పెట్టింది. నాగలింగం మొహం కొంచెం తేరుకుంది.

తక్కినవి మాత్రం అతను బాగానే తెచ్చాడు. ఉప్పు రెండు కుండలు. గింజ తీసిన చింతపండు. దీపానికీ బాలింతకూ సరిపడా ఆముదం. శొంఠి, మిరియాలు, వస, కరక్కాయ. అగ్గిపెట్టెలు దొరకడం కష్టమైందట, అందుకని చెకుముకి రాయి వెతికి పెట్టుకున్నాడు. పిడకలు గోడ ఎత్తున ఉన్నాయి. పాతచీరలు ఉడకబెట్టి, ఎండలో వేసి, పురిటికోసం మడతలు పెట్టింది కాంచన. మునిరత్నమ్మ మామగారు దొరస్వామి పొగాకు కూడా మరచిపోలేదు, అది లేకపోతే ఆయన రెండో రోజే తలుపు పగలగొట్టుకుని పోతాడు. బావి పెరట్లోనే ఉంది కాబట్టి నీళ్ళకు బెంగ లేదు.

బియ్యం దగ్గర వచ్చింది చిక్కు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఆపైన తెల్లదొరల సీమలో యుద్ధం. అంగళ్ళలో మనిషికి రెండు పడులు మించి కొలవడం లేదు. మునిరత్నమ్మ కుండలన్నీ చేత్తో తడిమి చూసింది. జానకిరామన్ తెచ్చే రాగులు కలుపుకున్నా, ఐదుగురికి ఇరవై ఎనిమిది రోజులు వస్తాయి. పన్నెండు రోజులు తక్కువ. సరిగ్గా పురుడయ్యి, పచ్చి బాలింతకు కడుపు నిండా పెట్టవలసిన రోజులు.

ఆమె లేచి మగ్గం గదిలోకి నడిచింది.

ఆ గదిలో మూలన రెండు కాగులున్నాయి. మూతులకు పేడమట్టి మెత్తి ఉంటుంది. వాటిలోది పడుగు నూలుకు గంజి కాచే బియ్యం. ప్రతి శుక్రవారం ఆ ఇంటి ఆడవాళ్ళు చౌడమ్మ తల్లి పటం ముందు ఒక్కో గుప్పెడు తీసి పక్కన పెట్టగా నిండిన కాగులవి. ఆ గింజ అమ్మవారిది, మగ్గానిది. దాన్ని ఇంట్లోవాళ్ళు వండుకుని తినకూడదు. ఆ ఇంటి కట్టుబాటు అది.

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని మామగారు దొరస్వామి నేస్తున్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి. కోడలు కాగుల వైపు చూడగానే ఆయన చేతిలో పోగు నడిపే నాడె ఆగింది.

"ఏమమ్మా, అట్ల చూస్తా ఉండావు?"

"మామా, రేపు మన పడుగు పరచకూడదు."

మరుసటి రోజు తెల్లవారుజామున పడుగు వంతు వాళ్ళది. నేతగాళ్ళ వీధిలో ఇది తెలియనివాళ్ళుండరు. వీధి పొడవునా నూలు సాచి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. ఒక్క ఇంటివాళ్ళ వల్ల కాదు, పన్నెండు మంది కావాలి. ఇవాళ మీ వాకిట్లో నేను, రేపు నా వాకిట్లో మీరు. పని అయ్యాక తిన్నె మీద అందరూ కూర్చుని వేడి పొంగలి తినిపోవాలి. దీపావళి బట్ట అంతా ఆ పడుగులోంచే రావాలి.

"పన్నెండు మందిని పిలిచినాను," అన్నాడు దొరస్వామి. "పెరియస్వామి వస్తానన్నాడు, శివప్రకాశం వస్తానన్నాడు. ఇప్పుడు వద్దనేదా?"

"వద్దనాల. పోగు తెగితే ఏం చేస్తారు మామా? నాలుకతో తడిపి, అతికి, పక్కనోడి చేతికిస్తారు. వాడు దాన్ని మళ్ళీ నోట్లో పెట్టుకుంటాడు. పొద్దు పొడిచే లోపల నూరు పోగులు తెగుతాయి. ఆ పన్నెండు మందిలో ఒక్కడికి జబ్బుంటే చాలు, మన ఇంట్లోకి వచ్చేదానికి."

దొరస్వామి మగ్గం మీది పోగుల్ని తడిమి చూసుకున్నాడు. యాభై ఏళ్ళుగా ఆయన నాలుక తడపని పోగు లేదు.

"వంతు తప్పితే మళ్ళీ మన వాకిటికి ఎవడు వస్తాడు?" అన్నాడు.

"మండలం కానీండి. నేనే ఇంటింటికీ పోయి దండం పెట్టి పిలుస్తాను. బతికుంటే పిలుచుకోవచ్చు." ఆమె కాగుల వైపు చెయ్యి చూపింది. "పడుగు లేదంటే గంజీ లేదు. ఆ కాగులు తెరుస్తాను మామా. కాంచనకు కావాల."

ముసలాయన ఒంటికాలి మీద లేచాడు. గుంటలోంచి పైకి వచ్చి, కాగులకు అడ్డంగా నిలబడ్డాడు.

"ధాత సంవత్సరం కరువులో తెరవలేదు," అన్నాడు. "రాయవేలూరు రోడ్డులో పీనుగులు పడి ఉండే కాలంలో, మా అమ్మ ఈ మూతి మీద చెయ్యి వెయ్యలేదు. అప్పుడు నేను ఇరవైనాలుగేండ్లోణ్ణి. ఆకులు ఉడకేసుకుని తిన్నాం. అమ్మవారి సొత్తు ముట్టలేదు. అంతటి కొంప ఇది. నువ్వొచ్చి తెరుస్తావా?"

ఈ కథ ఆ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ విన్నాడు. శుక్రవారం శుక్రవారం ఆయన దాన్ని చెప్పకపోతే గుప్పెడు బియ్యం తీసి పెట్టినట్టే కాదు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో మునిరత్నమ్మ దీన్ని వెయ్యిసార్లు విని ఉంటుంది. ఎప్పుడూ ఎదురు మాట్లాడలేదు. ఇవాళ మాట్లాడింది. గొంతు మాత్రం పెంచలేదు.

"ఆ కరువులో కాగుకు మూత వేసినప్పుడు ఇంట్లో ఎంతమంది ఉండారు మామా? మళ్ళీ తీసినప్పుడు ఎంతమంది ఉండారు?"

గుమ్మంలో నాగలింగం, అతని వెనక ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని కాంచన నిలబడి ఉన్నారు. దొరస్వామి వాళ్ళ వైపు చూసి, మళ్ళీ కోడలి వైపు తిరిగాడు.

"నీకెవరు చెప్పినారు?"

"అత్తమ్మ. పోయేదానికి ముందు రోజు."

అత్తమ్మ అంటే దొరస్వామి భార్య రాజాంబాళ్. ఆమె పోయి పదకొండేళ్ళయింది. ఆ పదకొండేళ్ళూ మునిరత్నమ్మ ఈ మాటను కడుపులోనే దాచుకుంది. మామగారు కథ మొదలుపెట్టినప్పుడల్లా నోటి దాకా వచ్చింది, మింగేసింది. ఇప్పుడు కూడా మిగతాది ఆమె చెప్పలేదు. చెప్పవలసినవాడు ఆయనే అనుకుని ఊరుకుంది.

ముసలాయన కాగు పక్కనే చతికిలబడ్డాడు.

"చౌడేశ్వరి," అన్నాడు. "నా మొదటి బిడ్డ. నీకన్నా పెద్దదిరా నాగలింగం, నీకు తెలీదు. రెండున్నరేండ్లు. ఈ కాగు చల్లగా ఉంటాది గదా, దీన్నే ఆనుకుని కూచునేది. లేచే ఓపిక లేదు. ఈ మూతి మట్టి ఉండాదే, దాన్ని గోటితో గోకి తినేది. మా అమ్మ చూసి మళ్ళీ మెత్తేది. అది మళ్ళీ గోకేది." ఆయన కండువాతో మొహం తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే కారనిచ్చాడు. "నేను మగ్గం మీద నుంచి చూస్తానే ఉన్నాను. లేచి పగలగొట్టలేదు. అది పోయినాక పదో రోజు వాన పడింది. ఆ బియ్యంతోనే గంజి కాచి పడుగు పరిచినాం. బట్ట బాగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు."

నాగలింగం లోపలికి వచ్చి కాగు మూతి మీది మట్టిని తడిమాడు. తనకో అక్క ఉండేదని నలభై ఒక్కేళ్ళకు తెలిసింది అతనికి. తండ్రి అన్నిసార్లు గొప్పగా చెప్పిన కథ కిందే ఆ బిడ్డను పూడ్చిపెట్టారని ఇప్పుడర్థమైంది.

దొరస్వామి లేచాడు. "రోకలి తీసుకురా," అన్నాడు కొడుకుతో.

"నేను కొడతాను నాయనా."

"నువ్వు కాదు. తే."

రెండు దెబ్బలకు మట్టి పగిలింది. పాత బియ్యం వాసన గదంతా వచ్చింది. ఆయన చేటలో పోసి పురుగు చూశాడు, లేదు. పడి తీసుకుని మొదటి కొలత నిండా ముంచి కోడలికి ఇవ్వలేదు, మనవడి పెండ్లాం వైపు తిరిగాడు.

"ఒడి పట్టమ్మా కాంచనా."

కాంచన కొంగు పట్టింది. బియ్యం పడుతుంటే ఆమె పళ్ళు బిగబట్టడం మునిరత్నమ్మ చూసింది. ముసలాయన కన్నీళ్ళు చూసి పిల్ల ఏడుపు ఆపుకుంటోందనుకుంది. అప్పుడంతకన్నా ఆలోచించే తీరిక ఆమెకు లేదు. రెండు కాగులూ కొలిస్తే పదమూడు రోజులకు వచ్చాయి. మండలానికి ఒక రోజు ఎక్కువే.

మధ్యాహ్నం దొరస్వామి తలుపు దగ్గర నిలబడి, వీధికి అవతలి పక్క తిన్నె మీద కూర్చున్న అప్పాసామిని పిలిచాడు. అప్పాసామి ఆ వీధికి పెద్ద. లేచి ఇటు రాబోయాడు.

"ఆడే ఉండన్నా. రేపు మా పడుగు లేదు."

"ఏన్? ఏమొచ్చింది దొరస్వామీ? పన్నెండు మందికి చెప్పిపెట్టినాం గదా."

"గంజికి బియ్యం లేవు. ఇంట్లో పిల్లకు పెడతా ఉండాం."

అప్పాసామి ముక్కున వేలేసుకున్నాడు. ఆ ఇంటి బియ్యం కథ ఆయనకూ కంఠతా వచ్చు. "ఆ బియ్యమా? నువ్వా?"

"నేనే. నువ్వు కూడా తోపుకు పోవద్దన్నా. మా కోడలు చెప్పేది విను. ఎవరి ఇంట్లో వాళ్ళు తలుపేసుకోండి. ఉండేది వండుకు తినండి, దేనికోసమూ దాచుకోవద్దు."

అప్పాసామి గొణుక్కుంటూ లోపలికి పోయాడు. కానీ కాసేపటికి ఆయన భార్య మిరపకాయలు ఎండేసిన చాప తీసి, వాకిలి మూయడం మునిరత్నమ్మ కిటికీలోంచి చూసింది. ఒక్క ఇల్లు విన్నా చాలనుకుంది. సంతోషం అనలేం గానీ, వేలూరు నుంచి వచ్చాక మొదటిసారి ఆమె కడుపు నిండా గాలి పీల్చుకుంది.

ఇక రావలసినవాడు జానకిరామన్ ఒక్కడే. వాడు వస్తే కొట్టంలోకి పంపి, గడియ వేసేయడమే.

పొద్దు వాలుతుండగా బండి గజ్జెలు వినిపించాయి. కాంచనే ముందు విన్నది. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. మునిరత్నమ్మ ఆమెను వెనక్కి పంపి తలుపు ఓరగా తీసింది.

బండి వాకిటి ముందు ఆగలేదు. నాలుగిళ్ళ అవతలే ఆగింది. జానకిరామన్ దిగి, రాగుల మూటలు రెండూ ఒకటొకటిగా ఈడ్చుకుంటూ తెచ్చి తిన్నె కింద పెట్టాడు. ఇరవై ఏళ్ళ పిల్లవాడు. మామూలుగా అయితే ఆ రెండు మూటలూ రెండు భుజాల మీద వేసుకుని ఈల వేసుకుంటూ వచ్చేవాడు. మళ్ళీ బండి దగ్గరికి పోయి, ఎద్దు మూపురం పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, మూటలు లోపల పెట్టుకోండి. నేను రాను."

"ఏమిరా?"

"నిన్న రేత్రి నుంచి ఒళ్ళు కాలిపోతా ఉండాది. వరదరాజులన్న ఇంట్లో ఇద్దరు పోయినారు. మూటలు వాళ్ళు ముట్టలేదు, నేనే కట్టినాను. మీరు ఎండలో పెట్టి తీసుకోండి. నేను ఏటిగట్టున పడుకుంటా."

అణైకట్టుకు పంపింది ఎవరు? తనే. రాగుల కోసం పంపింది, ఆ ఇంటి కోసం పంపింది. ఆ ఆలోచన మునిరత్నమ్మను నిలువునా కోసింది. కానీ ఏడుస్తూ నిలబడటానికి అది సమయం కాదు.

ఆమె గోడకు తగిలించిన కొట్టం తాళంచెవి తీసుకుంది. శొంఠి పొట్లం, ఒక పడి బియ్యం కొంగున కట్టుకుంది. గడప దాటి బయట నిలబడి వెనక్కి తిరిగింది.

"మామా, పెరటి తలుపుకు లోపల గడియ వెయ్యండి. నేను వాడితో కొట్టంలో ఉంటా. ఈ తలుపు కూడా వెయ్యండి. నేనొచ్చి పిలిచినా ఐదు రోజుల దాకా తియ్యొద్దు."

"పురుడు?" అన్నాడు దొరస్వామి.

"ఇంకా ఇరవై రోజులు గడువుంది. వచ్చేస్తాను."

ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు. తలుపు దగ్గరికి వేశాడు. గడియ పడిన చప్పుడు వినేదాకా మునిరత్నమ్మ మెట్టు దిగలేదు. విన్నాక దిగింది. కొడుకు వైపు నాలుగడుగులు వేసింది.

కిటికీ చువ్వల్లోంచి కాంచన గొంతు వినిపించింది.

"అత్తా."

ఆ పిలుపులో ఏదో ఉంది. మునిరత్నమ్మ ఆగింది.

"పొద్దున్నుంచి నొప్పులొస్తా ఉండాయత్తా. చెబితే ఆయన వచ్చేలోపల తలుపులు మూసేస్తారని చెప్పలేదు." ఆ పిల్ల ఊపిరి అందక ఆగి, మళ్ళీ అంది. "ఇప్పుడు ఉమ్మనీళ్ళు పోయినాయి."

ముందు పక్క కొడుకు ఎద్దు మెడ మీదికి వాలిపోతున్నాడు. వెనక తలుపుకు తను వేయించిన గడియ. వాడిని ఒక్కసారి ముట్టుకుంటే ఇక ఆ చేతులు ఆ పిల్లను ముట్టుకోకూడదు.

"మామా," అని కేక పెట్టింది మునిరత్నమ్మ. "ఆముదం తీయండి. పెద్ద కుండతో నీళ్ళు పొయ్యి మీద పెట్టండి."

కాళ్ళకు మాత్రం ఎటు నడవమని ఆమె ఇంకా చెప్పలేదు.